ప్రభుత్వం అనుకున్నదే జరుగుతుంటే, ఇక శాసనసభ ఉండి ఏం లాభం?

ప్రశ్న అడిగినవారు కూకట్‌పల్లిలో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్నారట. వారి సందేహం క్లుప్తంగా ఇదీ: మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఏ బిల్లు పెట్టినా పాసవుతుంది, ఏ బడ్జెట్ పెట్టినా ఆమోదం దొరుకుతుంది. అలాంటప్పుడు లోక్‌సభ, శాసనసభ చేసే పని ఏమిటి? చేతులెత్తడానికి ఎన్నుకుంటున్నామా, రోడ్లు వేయించుకోవడానికా? పెద్దల సభ ఉండగా ఈ సభకే అంత ప్రాధాన్యం ఎందుకు?

సూటిగా చెబుతాను. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభకు మొదటి పని ప్రభుత్వాన్ని నిలబెట్టడం, దానికి ఖర్చు పెట్టే అనుమతి ఇవ్వడం, ఆ ఖర్చుకూ ఆ పాలనకూ జవాబు చెప్పించడం, నమ్మకం పోతే దించేయడం. చట్టాలు ఆ తర్వాతి మాట. రోడ్లు, డ్రైనేజీ అసలు ఈ లెక్కలోనే లేవు. అన్నీ ఇట్టే పాసైపోతున్నాయన్న మీ మాట నిజమే. కానీ సభకు అధికారం లేదని దానర్థం కాదు. ఉన్న అధికారం వాడటానికి సభ్యులకు ధైర్యం, తీరిక లేకుండా చేసుకున్నాం. దాని గురించి కింద రాస్తాను.

నేను సచివాలయంలో ఆర్థిక వ్యవహారాల వైపు చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పద్దులు తయారు చేశాను, సభ్యుల ప్రశ్నలకు జవాబులు రాశాను, అధికారుల గ్యాలరీలో కూర్చుని మంత్రిగారికి చీటీలు అందించాను. అందుకే నా జవాబు పుస్తకం వైపు నుంచి కన్నా ఫైలు వైపు నుంచి ఎక్కువ ఉంటుంది. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న జోలికి పోను. ఉదాహరణల్లో మాత్రం అందరూ వస్తారు.

ముందు ప్రభుత్వం ఎక్కణ్నుంచి పుడుతుందో చూడండి. మనం ముఖ్యమంత్రికి ఓటు వేయం, ఎమ్మెల్యేకి వేస్తాం. రాజ్యాంగం 164(2) అధికరణం ప్రకారం మంత్రిమండలి అంతా కలిసి శాసనసభకు బాధ్యత వహించాలి. కేంద్రంలో 75(3) ప్రకారం లోక్‌సభకు. రాజ్యసభకు కాదు, రాష్ట్రంలోని పెద్దల సభ అయిన శాసనమండలికీ కాదు. 2009 సెప్టెంబరులో రోశయ్యగారు ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన ఎమ్మెల్సీ, అంటే మండలి సభ్యుడు. మన్మోహన్ సింగ్ ప్రధానిగా ఉన్న పదేళ్లూ రాజ్యసభ సభ్యుడే. పీవీ నరసింహారావుగారైతే 1991 జూన్‌లో ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ లేరు. నవంబరులో నంద్యాల ఉపఎన్నిక గెలిచి లోక్‌సభలో అడుగుపెట్టారు. నాయకుడు ఎటునుంచి వచ్చినా ఫరవాలేదన్నమాట. కుర్చీలో ఉండాలంటే మాత్రం ప్రజలు ఎన్నుకున్న సభలో లెక్క సరిపోవాలి.

ఆ లెక్క ఎంత గట్టిదో హైదరాబాద్ 1984లో కళ్లారా చూసింది. ఎన్టీ రామారావుగారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారితో ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోవడానికి నెల గడువు. ఎమ్మెల్యేలను నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో, తర్వాత కర్ణాటకలో కాపాడుకోవాల్సి వచ్చింది. ఊళ్లో ఎక్కడ చూసినా అదే మాట, అదే టెన్షన్. చివరికి ఏమైంది? భాస్కరరావుగారి దగ్గర సంఖ్య లేదు. ఈలోగా గవర్నర్ మారారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబరు 16న రామారావుగారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ ఎవరికుందో తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే అని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులతో తేల్చి చెప్పింది. మనవాళ్లకు ఆ సంగతి పదేళ్ల ముందే అనుభవం.

ఒక్క ఓటుతో పోయిన ప్రభుత్వాలూ ఉన్నాయి. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో ఓడిపోయింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వానికి 269 ఓట్లు, వ్యతిరేకంగా 270. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రిగా ఉన్న గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదలకపోవడంతో ఆ రోజు వచ్చి ఓటేశారు. స్పీకర్ స్థానంలో ఉన్నది మన కోనసీమ బాలయోగిగారు. వేయాలా వద్దా అన్నది గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు.

అవిశ్వాసం ఓడిపోతుందని తెలిసీ ఎందుకు పెడతారని కొందరు వెక్కిరిస్తుంటారు. 1963లో చైనా యుద్ధం తర్వాత ఆచార్య కృపలానీ నెహ్రూ మీద లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాసం పెట్టారు. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347. ప్రభుత్వం కదల్లేదు. కానీ నెహ్రూ అంతటివాడు రోజుల తరబడి కూర్చుని విని, లేచి సమాధానం చెప్పాల్సి వచ్చింది. 2018 జూలై 20న ప్రత్యేక హోదా విషయంలో తెలుగుదేశం పెట్టిన అవిశ్వాసానికి 126 ఓట్లే వచ్చాయి, వ్యతిరేకంగా 325. అక్కడా అంతే, ఆంధ్రా విషయం మీద ప్రధాని సభలో నిలబడి మాట్లాడాల్సి వచ్చింది. మీడియా ముందు చెప్పే మాటకూ సభలో చెప్పే మాటకూ తేడా ఉంది. సభలో అన్నది రికార్డవుతుంది. అబద్ధమైతే సభా హక్కుల తీర్మానం దాకా పోవచ్చు.

ఇక డబ్బు. నన్నడిగితే అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

మీరు అపార్ట్‌మెంట్‌లో ఉంటే అసోసియేషన్ సంగతి తెలిసే ఉంటుంది. లిఫ్టు బాగు చేయించేది, వాచ్‌మన్‌కి జీతం ఇచ్చేది కమిటీ. కానీ మెయింటెనెన్స్ ఎంత, దేనికి ఎంత ఖర్చు అన్నది జనరల్ బాడీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే సెక్రటరీగారు ఎంత గొప్పవాడైనా చెక్కు మీద సంతకం పెట్టలేడు. శాసనసభ అలాంటి జనరల్ బాడీ.

ప్రతి శాఖ ఖర్చూ ఒక 'డిమాండ్'గా, అంటే పద్దుగా సభ ముందుకు వెళ్తుంది. 203వ అధికరణం ప్రకారం శాసనసభ దాన్ని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి మాత్రం లేదు. మండలికి పద్దుల మీద ఓటే లేదు. పద్దులన్నీ ఆమోదం పొందాక ద్రవ్య వినిమయ బిల్లు పాసవ్వాలి. అది లేకుండా ఖజానా నుంచి రూపాయి తీయడం కుదరదు. గవర్నరు జీతం, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, రాష్ట్రం చేసిన అప్పుల మీద వడ్డీ లాంటివి మాత్రం ఓటు అక్కర్లేని ఖర్చులు. వాటి మీద చర్చించవచ్చు గానీ ఆపలేరు. అప్పులు పెరిగేకొద్దీ సభ చెయ్యి పెట్టడానికి వీల్లేని భాగం కూడా పెరుగుతుందని గమనించండి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇదంతా కాగితం మీది మాటలే అనుకుంటే 2020 జూన్, జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూడండి. కరోనా వల్ల మార్చిలో బడ్జెట్ పెట్టలేకపోయారు. మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సుతో సరిపెట్టారు. జూన్‌లో శాసనసభ బడ్జెట్ ఆమోదించింది. మండలిలో ప్రతిపక్షానిది పైచేయి. గొడవ జరిగి, ద్రవ్య వినిమయ బిల్లు తేలకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. ఇలాంటి డబ్బుకు సంబంధించిన బిల్లును, అంటే ద్రవ్య బిల్లును, మండలి 14 రోజులకు మించి ఆపలేదు. గడువు దాటితే రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. కానీ ఆ 14 రోజులు ఆగక తప్పదు కదా. జూన్ 30తో పాత అనుమతి అయిపోయింది. జూలై ఒకటిన ఉద్యోగులకు, పెన్షనర్లకు డబ్బు పడలేదు. గడువు దాటి, గవర్నరు సంతకం అయ్యాకే జీతాలు కదిలాయి. రెండో సభ గట్టిగా పట్టుబడితే చేయగలిగింది ఆ పద్నాలుగు రోజుల ఆలస్యమే. శాసనసభే కాదని ఉంటే ప్రభుత్వమే ఉండేది కాదు. పద్దు ఓడిపోయిన ప్రభుత్వం రాజీనామా చేయాల్సిందే అన్నది ఈ పద్ధతిలో రాసి లేని నియమం.

బయటి దేశం సంగతి ఒకటి. ఆస్ట్రేలియాలో పై సభకు కూడా బడ్జెట్ ఆపే బలం ఉంది. 1975లో సెనేట్ ఖర్చుల బిల్లులు ఆపేసింది. చివరికి నవంబరు 11న గవర్నర్ జనరల్ ప్రధాని విట్లమ్‌ని తొలగించారు, దిగువ సభలో ఆయనకు మెజారిటీ ఉండగానే! మన రాజ్యాంగం రాసినవాళ్లు డబ్బు తాళంచెవి ఒక్క సభ చేతిలోనే పెట్టడం మంచిదే అయిందని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ అసలు అనుమానానికి వస్తాను. అంత అధికారం ఉంటే మరి అన్నీ ఇట్టే ఎలా పాసవుతాయి?

ఒక కారణం సమయం. తెలంగాణ 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. 2025 మార్చి 19న సభ ముందు పెట్టారు. ఆర్థిక సంవత్సరం 31తో ముగుస్తుంది. మధ్యలో సెలవులు తీసేసి, అన్ని శాఖల పద్దులూ, చర్చలూ, ఓట్లూ పూర్తవ్వాలి. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా ఏటా ఇదే ఉరుకులాట. టైమ్ అయిపోతే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒక్కసారే ఓటుకు పెట్టేస్తారు. దీన్నే గిలెటిన్ అంటారు. 2018 మార్చిలో లోక్‌సభలో గందరగోళం మధ్య దేశం మొత్తం పద్దులూ, ఆర్థిక బిల్లూ అరగంటలో అయిపోయాయి.

మా వైపు నుంచి చూస్తే దీని ప్రభావం ఇంకోలా ఉంటుంది. ఫలానా రోజు ఫలానా పద్దు చర్చకు వస్తుందని తెలిసిన శాఖల్లో నోట్లు దిట్టంగా తయారయ్యేవి. పోయినేడు ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది, మిగిలింది ఎందుకు మిగిలింది, అన్నీ సర్దుకునేవారు. తమ పద్దు గిలెటిన్‌లో పోతుందని ముందే తెలిసిన శాఖల్లో ఆ ఆరాటమే కనిపించేది కాదు. ఓటు ఎలాగూ పడుతుంది, నిజమే. కానీ అడుగుతారేమో అన్న భయం ఉన్నప్పుడు రాసే లెక్కకూ, అడగరని తెలిసినప్పుడు రాసే లెక్కకూ పోలికే లేదు.

లోక్‌సభకు ఈ విషయంలో కొంత ఊరట ఉంది. 1993 నుంచి శాఖల వారీ స్థాయీ సంఘాలు ఉన్నాయి. ఇప్పుడు 24. బడ్జెట్ పెట్టాక సభకు విరామం ఇచ్చి, ఆ సంఘాల్లో పద్దులు చూస్తారు. రెండు సభల ఎంపీలూ ఉంటారు, టీవీ ఉండదు, కాబట్టి పార్టీల కేకలు తక్కువ. రాష్ట్రాల్లో చాలా చోట్ల ఈ ఏర్పాటు సరిగా లేదు. కేరళ లాంటి ఒకటి రెండు చోట్ల నయం. రాష్ట్రం బడ్జెట్ మూడు లక్షల కోట్లు దాటాక కూడా దాన్ని కూర్చుని చదివే సంఘం లేకపోవడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

ఇంకో సంగతి. సభ ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ ఖర్చయితే 205వ అధికరణం ప్రకారం మళ్లీ సభ ముందుకు వెళ్లి క్రమబద్ధం చేయించుకోవాలి. ఇలా క్రమబద్ధం కాకుండా ఏళ్ల తరబడి పేరుకుపోయిన అదనపు ఖర్చుల గురించి కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదికలు పదే పదే రాస్తూనే ఉంటాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు రాష్ట్ర ఆర్థిక వ్యవహారాల మీద కాగ్ ఇచ్చే నివేదిక ఒకటైనా తిరగేయండి. కోచింగ్ నోట్సు కన్నా ఎక్కువ నేర్పుతుంది.

ప్రశ్నలు. మా భాషలో 'ఎల్‌ఏక్యూ', అంటే శాసనసభ ప్రశ్న. ఆ ఫైలు వచ్చిందంటే సెక్షన్‌లో మిగతా పనులన్నీ పక్కకు. జిల్లాలకు ఫోన్లు, రాత్రి దాకా కూర్చోవడం, మంత్రిగారి పేషీ నుంచి గంటకోసారి కబురు. జవాబు రెండు లైన్లే ఉండొచ్చు. 'అవునండీ', 'కాదండీ', 'వివరాలు జతచేయబడ్డాయి'. అసలు భయం దాని తర్వాత వచ్చే అనుబంధ ప్రశ్నల గురించి. సభ్యుడు ఎటు తిరిగి అడుగుతాడో తెలియదు కనుక, ఒక్క ప్రశ్నకు పుస్తకమంత నోట్ తయారయ్యేది. అధికారుల గ్యాలరీలో మేం చీటీ రాసి పంపేలోపు మంత్రిగారు ఏదో ఒకటి చెప్పేస్తే, ఆ మాట నిలబెట్టుకోవడానికి తర్వాత మా పాట్లు.

ఒకసారి ఒక శాఖలో విద్యార్థులకు ఇవ్వాల్సిన డబ్బు గురించి ప్రశ్న పడింది. ఎంత విడుదలైంది, ఎంత చేరింది అని. జిల్లాల నుంచి లెక్కలు తెప్పిస్తే, విడుదలైన డబ్బులో కొంత విద్యార్థుల దాకా పోకుండా మధ్యలో డిపాజిట్ ఖాతాల్లో ఆగి ఉందని తేలింది. ఎవరూ తిన్నది కాదు. ఎవరూ పట్టించుకోలేదు, అంతే. ప్రశ్న సభలో చర్చకు వచ్చే రోజుకల్లా ఆ డబ్బు కదిలిపోయింది. పేపర్లో ఒక్క ముక్క రాలేదు. ఆ ఎమ్మెల్యేగారికి తన ప్రశ్న వల్ల ఏం జరిగిందో తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. సభ చేసే పనిలో పెద్ద భాగం ఇలాగే కంటికి కనిపించకుండా జరుగుతుంది.

పెద్ద ఉదాహరణ కావాలంటే 1957లో ఎల్‌ఐసీ డబ్బు ముంద్రా కంపెనీల షేర్లలో పెట్టడం మీద ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో లేవనెత్తిన ప్రశ్న. ఆయన అధికార పార్టీ ఎంపీ, పైగా ప్రధానికి అల్లుడు. విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. సొంత పార్టీ మంత్రిని అలా నిలదీసే ఎంపీలు ఇప్పుడు ఎందుకు కనిపించరు అంటే, దానికి ఒక చట్టపరమైన కారణం కూడా ఉంది. అక్కడికే వస్తున్నా.

ప్రజాపద్దుల సంఘం, అదే పీఏసీ, గురించి ఒక్క మాట చెప్పి వెళ్తాను. కాగ్ నివేదికల మీద విచారణ చేసే సభ్యుల సంఘం ఇది. కేంద్రంలో 1967 నుంచి దీనికి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడు. అధికారులు సభ కన్నా దీనికే ఎక్కువ భయపడేవారు. సభలో నిలబడేది మంత్రి, ఇక్కడ జవాబు చెప్పుకోవాల్సింది కార్యదర్శి. లోపం ఏమిటంటే, కాగ్ రాసిన అభ్యంతరం (మా భాషలో 'పేరా') విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడిచి, ఆ పని చేసినవాడు బదిలీ అయ్యో రిటైరయ్యో ఉంటాడు. వేరేవాడు వచ్చి 'పరిశీలిస్తాం' అని చెప్పి పోతాడు.

చేతులెత్తడం ఎందుకంత సులువైంది? 1985లో 52వ సవరణతో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మంచి ఉద్దేశంతోనే వచ్చింది. పూటకో పార్టీ మారే రోజులవి. కానీ అందులో పార్టీ విప్‌కు, అంటే ఇలా ఓటేయండి అన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోతుందని కూడా పెట్టారు. అది ప్రభుత్వం పడిపోయే ఓటు అయినా, చిన్న బిల్లు అయినా ఒకటే శిక్ష. 2011 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో అవిశ్వాసం మీద విప్ ధిక్కరించి ఓటేసిన అధికారపక్ష ఎమ్మెల్యేల మీద అనర్హత వేటు పడి, 2012 జూన్‌లో ఉపఎన్నికలు జరిగాయి. అవిశ్వాసం మీద అలా ఉండటం సబబే. పార్టీ గుర్తు మీద గెలిచి ప్రభుత్వాన్నే పడగొడతానంటే మళ్లీ జనం దగ్గరికి వెళ్లి రావాలి కదా.

కానీ మామూలు బిల్లు మీద కూడా నోరు మెదపకూడదంటే ఎలా? బ్రిటన్‌లో 2019 జనవరిలో ప్రధాని థెరిసా మే తెచ్చిన బ్రెగ్జిట్ ఒప్పందాన్ని కామన్స్ సభ 432-202 తేడాతో ఓడించింది. అందులో ఆమె సొంత పార్టీ వాళ్లే 118 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఎవరి సీటూ పోలేదు. మర్నాడే పెట్టిన అవిశ్వాసంలో అదే సభ్యులు ఆమె ప్రభుత్వాన్ని నిలబెట్టారు. ఒక చట్టం మీద విభేదించడం వేరు, ప్రభుత్వం మీద నమ్మకం లేకపోవడం వేరు. ఆ రెంటినీ మనం కలిపేశాం. 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ, అనర్హత శిక్షను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకు మాత్రమే పరిమితం చేయాలని చెప్పింది. ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. ముట్టుకోదు కూడా, ఎందుకంటే అధికారంలో ఉన్నవాళ్లకు ఇది సుఖంగా ఉంది.

తమాషా ఏమిటంటే, బిల్లు మీద సొంతంగా ఓటేసే సభ్యుణ్ని ఈ చట్టం పట్టుకుంటుంది గానీ, ఏకంగా పార్టీ మారేవాళ్లను అంత తేలిగ్గా పట్టుకోలేకపోతోంది. తెలంగాణలో 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్‌ఎస్‌లో 'విలీనం' అయ్యారు. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే చట్టం ఒప్పుకుంటుంది మరి. 2023 ఎన్నికల తర్వాత బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు పది మంది అటునుంచి ఇటు వచ్చారన్న ఫిర్యాదులు స్పీకర్ దగ్గర ఉండిపోతే, మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న చెప్పాల్సి వచ్చింది. నిర్ణయం స్పీకర్ చేతిలో, స్పీకర్ అధికారపక్షం నుంచి. ఎవరు అధికారంలో ఉన్నా ఇదే కథ.

రెండోది, సభ కూర్చునే రోజులే తగ్గిపోయాయి. మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంటే, 17వ లోక్‌సభ 55 రోజులే. రాష్ట్రాల్లో మరీ అన్యాయం. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని రాజ్యాంగం చెప్పింది గనుక, ఆ గడువు కోసం రెండు మూడు రోజులు పిలిచి ముగించిన సందర్భాలు మీరే చూశారు. సభ జరిగే రోజుల్లో రవీంద్రభారతి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మనం తిట్టుకుంటాం గానీ, నిజానికి ఆ ట్రాఫిక్ ఏడాదిలో ఇంకొన్ని వారాలు ఎక్కువ ఉంటేనే మనకు మేలు.

చట్టాల సంగతి, పెద్దల సభ సంగతి తొందరగా చెప్పేస్తాను. మామూలు బిల్లును రాష్ట్రంలో మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. 2020లో ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల బిల్లులు దీనికి చక్కటి పాఠం. జనవరిలో మండలి ఛైర్మన్ వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. కోపమొచ్చి అదే నెల 27న మండలి రద్దుకే శాసనసభ తీర్మానం చేసింది. జూన్‌లో శాసనసభ బిల్లులను మళ్లీ పాస్ చేసింది, నెల గడిచింది, జూలై 31న గవర్నరు ఆమోదించారు. మండలి సాధించింది ఆరు నెలల ఆలస్యం. ఆ తర్వాత 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది! ఆరు నెలలు ఆలోచించమన్న సభ అంత పనికిమాలినదేమీ కాదని దీన్నిబట్టి నాకనిపిస్తుంది. మనకు మండలి 1958లో వచ్చి, 1985లో ఎన్టీఆర్ హయాంలో పోయి, 2007లో మళ్లీ వచ్చిందన్నది మీకు తెలిసే ఉంటుంది.

రాజ్యసభ అలా కాదు, బలమైనది. రాజ్యాంగ సవరణల్లో లోక్‌సభతో సమానం. 1989లో రాజీవ్ గాంధీ తెచ్చిన పంచాయతీరాజ్ సవరణ బిల్లు లోక్‌సభలో భారీ మెజారిటీతో గట్టెక్కి రాజ్యసభలో ఆగిపోయింది. ద్రవ్య బిల్లును మాత్రం రాజ్యసభ కూడా ఆపలేదు కాబట్టి, ఈ బలాన్ని తప్పించుకోవడానికే కొన్నిసార్లు మామూలు బిల్లుకు ద్రవ్య బిల్లు ముద్ర వేస్తారన్న విమర్శ ఉంది. 2016 ఆధార్ చట్టం మీద వచ్చిన వివాదం అదే. ఏది ద్రవ్య బిల్లో చెప్పేది లోక్‌సభ స్పీకర్. 2018లో సుప్రీంకోర్టు మెజారిటీ దాన్ని సమర్థించింది, ఒక న్యాయమూర్తి గట్టిగా విభేదించారు.

శాసనసభకు కూడా హద్దులున్నాయి. తెలంగాణ ఏర్పాటు బిల్లును 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ మూజువాణి ఓటుతో, అంటే లెక్కపెట్టకుండా నోటిమాటతో, తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. రాష్ట్రాల హద్దుల విషయంలో మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి, అంగీకారం అక్కర్లేదు. రాష్ట్రాన్ని నడిపే సభకు ఆ రాష్ట్రం ఉండాలా వద్దా అన్న మాట మీద చివరి అధికారం లేదన్నమాట.

మరి రోడ్లు? మీ కాలనీలో నాలా పొంగితే అది మున్సిపల్ కార్పొరేషన్ పని, మంచినీళ్లు జలమండలి పని. ఎమ్మెల్యే ఫోన్ చేస్తే పని అవుతుంది కాబట్టి జనం ఆయన దగ్గరికి పోతారు, తప్పు పట్టను. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల నియోజకవర్గ నిధులూ ఉన్నాయి. కానీ ఈసారి మీ ఎమ్మెల్యే కనిపిస్తే రోడ్డుతో పాటు ఇంకొకటి కూడా అడగండి: పోయిన సమావేశాల్లో ఏ పద్దు మీద మాట్లాడారు, ఏ ప్రశ్న వేశారు అని. అడిగేవాళ్లు లేకే వాళ్లు ఆ పనిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

చివరగా, పరీక్ష కోసం. 164, 197, 198, 203 అధికరణాలను కేంద్రంలోని 75, 108, 109, 113తో పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకచోట మాత్రం పోలిక కుదరదు, అక్కడే ప్రశ్న పడుతుంది: పార్లమెంటులో రెండు సభలకూ పొత్తు కుదరకపోతే సంయుక్త సమావేశం ఉంది. 1961లో వరకట్న నిషేధ బిల్లుకు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుకు, 2002లో పోటా (ఉగ్రవాద నిరోధక) బిల్లుకు జరిగింది. రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటే లేదు. అక్కడ శాసనసభ రెండోసారి పాస్ చేసి నెల రోజులు ఆగితే చాలు.